పాస్టరు తాతయ్య జీవిత విశేషాలు రాయాలి: తేదీలు ఎలా తేల్చుకోవాలి?

పొదిలి_మనవరాలు:
అందరికీ వందనాలు. మా తాతయ్య బాప్టిస్టు సంఘకాపరి. పొదిలి, కనిగిరి వైపు పల్లెల్లో నలభై ఏళ్లకు పైగా సేవ చేసి పోయిన నెల ప్రభువునందు నిద్రించారు. జ్ఞాపకార్థ కూడికలో చదవడానికి ఆయన జీవిత విశేషాలు రాయమన్నారు. నాలుగు పేజీల పుస్తకం కూడా అచ్చు వేయాలి.

మూడు చోట్ల ఆగిపోయాను. సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ 1-7-1934, కానీ ఆయన అక్క లెక్కన ఇంకో రెండేళ్లు పెద్ద. పాస్టరు అయింది 1958లో అని పెదనాన్న, 1966లో అని సంఘ పెద్దలు. ఇక, ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చినప్పుడు అందులో మా పూర్వీకుడూ ఉన్నాడని ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. రాయవచ్చా?

రిజిస్టరు_పుటలు:
జులై 1 అని కనబడగానే అది బడిలో చేర్చిన రోజు పంతులుగారు అంచనాగా వేసిన తేదీ అయి ఉండొచ్చని అనుకోండి. ఆ తరంలో ఇది సర్వసాధారణం. చంటిపిల్లలకు బాప్తిస్మమిచ్చే సంఘాల్లో అయితే బాప్తిస్మపు రిజిస్టరు పట్టుకుంటే పుట్టిన తేదీ చిక్కుతుంది. బాప్టిస్టుల్లో ఆ దారి లేదు. విశ్వసించి, తానుగా ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచుతారు కాబట్టి సంఘం పుస్తకంలో ఉండేది బాప్తిస్మపు తేదీ మాత్రమే. చాలామంది ఆ తేదీని పుట్టిన తేదీ పక్కన రాయడం మరిచిపోతారు. ఆయనకు అదే ముఖ్యమైన తేదీ, తప్పక రాయండి.

అక్కగారి లెక్క సరిచూడాలంటే ముందు ఇంట్లోని పాత బైబిలు మొదటి, చివరి ఖాళీ పేజీలు చూడండి. పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు అక్కడే రాసుకునేవారు. తర్వాత తోబుట్టువులందరి వయసులూ వరసగా ఒక కాగితం మీద వేయండి. కవలలు కాని ఇద్దరి మధ్య తొమ్మిది నెలలలోపు తేడా వస్తే ఆ రెండు తేదీల్లో ఒకటి తప్పని తెలిసిపోతుంది. ఏమీ తేలకపోతే పుస్తకంలో "రికార్డు ప్రకారం 1934" అని వేసి, ఇంట్లోవాళ్ల లెక్క ఇంకో వాక్యంలో చెప్పండి. రెండూ కలిపి సగటు తీయడం మాత్రం వద్దు.

1958, 1966 రెండూ నిజం కావచ్చు. చాలామంది ముందు ఉపదేశిగానో (అభిషేకం లేని బోధకుడిగా), పల్లె బడి పంతులుగానో మొదలుపెట్టి, రామాయపట్నం సెమినరీలో (పాస్టర్ల శిక్షణ పాఠశాలలో) చదివి, కొన్నేళ్ల సేవ తర్వాతే అభిషేకం, అంటే పాస్టరుగా నియామకం, పొందేవారు. బాప్టిస్టు పద్ధతిలో ముందు స్థానిక సంఘం సిఫారసు చేయాలి. తర్వాత చుట్టుపక్కల సంఘాల ప్రతినిధులు కౌన్సిల్‌గా కూర్చుని రక్షణ అనుభవం, దేవుని పిలుపు, సిద్ధాంతం అడిగి తృప్తి పడితేనే చేతులుంచి ప్రార్థన చేస్తారు. ఆ రోజు ఇచ్చే సర్టిఫికెట్‌లో కౌన్సిల్ సభ్యుల సంతకాలుంటాయి, అది వెతకండి. "రెవ." అనే మాట ఆ తేదీ నుంచే వాడాలి. అంతకుముందు ఏళ్లకు "ఉపదేశిగా" అని రాస్తే ఆయన గౌరవం తగ్గదు, ఆ ఏళ్ల కష్టం విడిగా కనబడుతుంది.

సర్టిఫికెట్ దొరక్కపోతే పెళ్లి రిజిస్టరు తిరగేయండి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద నమోదైన పెళ్లికి జరిపించినవారి సంతకం ఉంటుంది. పాస్టరుగా ఆయన సంతకం మొదట ఏ ఏడాది పడిందో చూస్తే అభిషేకం దాదాపు ఎప్పుడో తెలుస్తుంది. ఎన్ని పెళ్లిళ్లు చేశారో కూడా అక్కడే లెక్కపెట్టుకోవచ్చు.

ఇంకొకటి. "ప్రకాశం జిల్లాలో జన్మించారు" అని రాయకండి. ఆ జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశం అయింది. అంతకుముందు పొదిలి, కనిగిరి, కందుకూరు, దర్శి నెల్లూరు జిల్లాలోవి, ఒంగోలు గుంటూరు జిల్లాలోది, మార్కాపురం కర్నూలు జిల్లాలోది. "అప్పటి నెల్లూరు జిల్లా" అంటే సరిపోతుంది. పాత కాగితాలు వెతికేటప్పుడు కూడా ఇదే గుర్తుపెట్టుకోవాలి.

గుండ్లకమ్మ_ఒడ్డు:
2,222 సంగతి. తేదీ 1878 జులై 3, చోటు ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి. ఆ రోజు నీటిలో నిలబడి ముంచినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున. కాబట్టి "క్లౌ దొరగారి చేతుల మీదుగా" అని రాస్తే మన బోధకుల చేతుల పని చెరిపేసినట్టవుతుంది.

అది ఒక్కరోజు ముచ్చట కూడా కాదు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజులకు 3,536. ఆ ఏడాది డిసెంబరు ఆఖరుకి 9,606. ఇళ్లలో చెప్పుకునేటప్పుడు వీళ్లందరూ 2,222లోకి వచ్చి చేరుతుంటారు. మీ పూర్వీకుడు ముందురోజో, ఆగస్టులోనో బాప్తిస్మం పొంది ఉండొచ్చు. పేరు, ఊరు రాసి ఉన్న కాగితం చేతిలో లేకపోతే "1878 నాటి బాప్తిస్మాల్లో మా కుటుంబం ప్రభువులోకి వచ్చిందని పెద్దలు చెప్పేవారు" అనండి. అది నిజాయితీగా ఉంటుంది.

వీలైతే ఒక్క వాక్యం కలపండి. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని కూలీ పని కల్పించారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మమివ్వకుండా ఆపారు. పని ముగిశాకే గుండ్లకమ్మ దగ్గర ఆ జనం. ఈ కారణం తెలియనివాళ్లు ఆ సంఖ్యను అపార్థం చేసుకుంటారు.

పైస్థాయి రికార్డులు కావాలంటే ఏ మిషనో ముందు తేల్చుకోండి. నెల్లూరు, ఒంగోలు, పొదిలి, కనిగిరి, వినుకొండ, నర్సరావుపేట, హనుమకొండ వైపు అమెరికన్ బాప్టిస్టులు. కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా కెనడియన్ బాప్టిస్టులు, వాళ్లు 1874లో కాకినాడలో మొదలుపెట్టారు. అమెరికన్ల పాత కాగితాలు అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీలో, కెనడియన్లవి హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలో ఉన్నాయి. ఉత్తరం రాసేటప్పుడు ఫీల్డు (మిషన్ కేంద్రం, దాని కింది ప్రాంతం) పేరు, సంవత్సరాలు, ఊరి పేరు ఇంగ్లిషులో రెండు మూడు రకాల స్పెల్లింగులతో ఇవ్వండి. వెల్లంపల్లినే పాత పుస్తకాల్లో "వెలుంపిల్లి" అని రాశారు.

స్త్రీల_సమాజం:
రాసేటప్పుడు మీ నాయనమ్మను "ఆయన సతీమణి" అన్న ఒక్క మాటతో దాటేయకండి సిస్టర్. పాస్టరమ్మగారు బైబిలు స్త్రీగా (స్త్రీలకు వాక్యం చెప్పే సేవకురాలిగా) ఇంటింటికీ తిరిగారా, బడిలో చెప్పారా, స్త్రీల సమాజం నడిపారా, సంవత్సరాలతో రాయండి. జీతం అందని నెలల్లో ఇల్లు ఎలా గడిచిందో ఆమె వైపు బంధువులకే తెలుస్తుంది. పంట మీద వచ్చిన కొత్త వడ్ల కానుకా, పిడికెడు బియ్యమా, పాడిగేదా, అడగండి. పిడికెడు బియ్యం అంటే వంట పొయ్యి మీద పెట్టేముందు ఒక గుప్పెడు తీసి విడిగా కుండలో వేసి, వారానికోసారి సంఘానికి తేవడం. ఆ కుండ ఇంకా ఇంట్లో ఉంటే ఫొటో తీసి పుస్తకంలో వేయండి.

పిల్లలు, మనవలు ఏ దేశాల్లో ఏ ఉద్యోగాల్లో ఉన్నారో చదవడం మొదలైతే సగం సమయం అక్కడే పోతుంది. పేర్లు పుస్తకం చివరి పేజీలో వేసి, గట్టిగా చదివే దాంట్లో సంఖ్య మాత్రం చెప్పండి. మైకు ముందు నిదానంగా చదివితే నిమిషానికి ఇంచుమించు తొంభై మాటలు వస్తాయి. ఆరు నిమిషాలకు 550 మాటలు చాలు. ఆయన కాపరిగా ఉన్న పల్లెల పేర్లన్నీ మాత్రం వదలకుండా చదవండి. ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు తమ ఊరి పేరు కోసం చెవులప్పగించి కూర్చుంటారు.

డీటీపీ_ఒంగోలు:
అచ్చు దగ్గర జరిగే పొరపాటు చెప్తాను. మీరు ఫోన్‌లో టైపు చేసేది యూనికోడ్, చాలా ప్రెస్సుల్లో ఇంకా పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్లే. కన్వర్టర్‌లో పెట్టి మార్చినప్పుడు క్ష, జ్ఞ, రెండు మూడు ఒత్తులున్న అక్షరాలు చెదురుతాయి. "జ్ఞాపకార్థ" అన్న మాటే అట్ట మీద తప్పు పడిన పుస్తకాలున్నాయి. అందుకని ప్రూఫ్ స్క్రీన్ మీద కాకుండా కాగితం మీద తీయించి, ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు వేలు పెట్టి చూడండి. తేదీలు, వాక్యాల రిఫరెన్సులు విడిగా ఇంకోసారి చూసుకోండి. అధ్యాయానికీ వచనానికీ మధ్య చుక్కలు ఎగిరిపోతే 23:4 కాస్తా 234 అవుతుంది.

పాత ఫొటో అద్దానికి అంటుకుని ఉంటే పీకవద్దు, ముఖం అద్దంతోనే వచ్చేస్తుంది. ఫ్రేముతోనే కిటికీ పక్కన, మెరుపు పడకుండా కాస్త వాలుగా పెట్టి కెమెరాతో తీయండి. విడిగా ఉన్న చిన్న ఫొటోలైతే 600 డీపీఐలో స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. నాలుగు పేజీలంటే ఒక ఏ4 కాగితం మధ్యకు మడత, కాబట్టి విషయం పెరిగితే ఐదో పేజీ ఉండదు, ఎనిమిదికి వెళ్లాలి.

పొదిలి_మనవరాలు:
చాలా వందనాలు. ట్రంకు పెట్టెలో అభిషేకం సర్టిఫికెట్ దొరికింది, 1966. పెదనాన్న చెప్పిన 1958 సెమినరీలో చేరిన ఏడు. అయితే సర్టిఫికెట్ మడతల దగ్గర చీలిపోతోంది, టేపు వేయనా?

రిజిస్టరు_పుటలు:
టేపు వద్దు. జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి సిరా మీదికి పాకుతుంది. లామినేషన్ అసలే వద్దు, మళ్లీ తీయలేరు. మడత విప్పి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు రెండు రోజులుంచండి. తర్వాత రెండు వైపులా స్కాన్ చేయించండి. వెనకవైపు కూడా ఏమైనా రాసి ఉండొచ్చు.