మొగిలి ఘాట్ మీదుగా తిరిగే పికప్‌కు మైలేజీ ఎందుకు తగ్గింది?

ప్రశ్న: చిత్తూరు పికప్ యజమాని

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. 2021లో కొన్న బీఎస్6 డీజిల్ పికప్‌ను నేనే నడుపుకుంటున్నాను. ఇప్పటికి 92 వేల కిలోమీటర్లు తిరిగింది. మొన్నటి సంక్రాంతి దాకా లీటరుకు 12 కిలోమీటర్లకు తగ్గకుండా ఇచ్చిన బండి ఇప్పుడు 10 దాటడమే గగనంగా ఉంది.

ఇదివరకు ఖాళీ బండితో పలమనేరు వెళ్లి, అక్కడి నుంచి టమాటా ట్రేలు చిత్తూరుకు తెచ్చేవాడిని. ఆ బాడుగలు తగ్గడంతో ఇప్పుడు పలమనేరు వైపు పాడి రైతులకు పశువుల దాణా తోలుతున్నాను. ట్రిప్పుకు 50 కిలోల బస్తాలు 28 వేస్తారు. తిరిగి వచ్చేటప్పుడు బండి ఖాళీ. ఫిబ్రవరిలో నాలుగు టైర్లూ మార్చాను. సర్వీసులో ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు కొత్తవి వేశారు, స్కానర్ పెట్టి చూసి తప్పేమీ లేదన్నారు. తోటి డ్రైవర్లలో ఒకరు డీజిల్‌లో కలిపే మందు సీసా వాడమంటున్నారు, ఇంకొకరు మొగిలి ఘాట్‌లో న్యూట్రల్‌లో దించితే చాలు, లీటరు మిగులుతుందంటున్నారు. వీటిలో ఏది పనికివస్తుందో, నేను చూడనిది ఇంకేమైనా ఉందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: తిరుపతి మెకానిక్

మీ ప్రశ్నలోనే జవాబు కొంత ఉంది. అప్పుడు బరువు దిగేది, ఇప్పుడు బరువు ఎక్కుతోంది. చిత్తూరు కంటే పలమనేరు దాదాపు 350 మీటర్లు ఎత్తున ఉంది. 1400 కిలోల దాణాను అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తిని లెక్క కడితే, లీటరు డీజిల్‌లోని శక్తిలో మూడో వంతు మాత్రమే చక్రాలకు చేరుతుందనుకున్నా, సుమారు 0.4 లీటరు ఖర్చవుతుంది. ఈ ఖర్చును ఏ ఫిల్టరూ తగ్గించలేదు, ఏ మందు సీసా కూడా తగ్గించలేదు. రానూపోనూ 80 కిలోమీటర్ల దారికి మీ బండి మునుపు ఆరున్నర లీటర్ల చిల్లర తాగేది, ఇప్పుడు ఎనిమిది తాగుతోంది. అంటే పెరిగిన ఖర్చులో మూడో వంతు వరకు కొండ తీసుకుంటోంది. మిగతా దానికోసం బండిలో వెతకాలి.

వెతికే ముందు కొలత సరిచూసుకోండి. మీరు పాత టైర్ల సైజే వేయించారా, లేక షాపులో ఉన్నది వేసి పంపారా? చుట్టుకొలత పెరిగిన టైరు ఒక్కో తిరుగుడుకు ఎక్కువ దూరం పోతుంది, కాని ఆ సంగతి మీటరుకు తెలియదు కనుక తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. బండి బాగానే ఇస్తున్నా మైలేజీ పడిపోయినట్టు కనిపించడానికి ఇదొక్కటే చాలు. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని ఒక ట్రిప్పు పోల్చి చూడండి. డీజిల్ కూడా ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ను మొదటిసారి దానంతట అది ఆగిన చోటే ఆపించి, కనీసం మూడు ఫుల్ ట్యాంకుల సగటు తీయండి. మన వైపు ధర ఎక్కువని సగం తమిళనాడులో, సగం కర్ణాటకలో పోయించుకుని, ఆ రశీదులతో మైలేజీ లెక్క కట్టేవారిని రోజూ చూస్తుంటాను.

తరువాత బ్రేకులు. మట్టమైన రోడ్డు మీద బ్రేకు పెద్దగా తొక్కకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూడండి. తాకవద్దు, కాలుతుంది. ఒక చక్రం మిగతా వాటికంటే వేడిగా ఉంటే, జాకీ ఎత్తి చేత్తో తిప్పించండి. బరువుగా తిరిగితే బ్రేకు షూ పట్టుకుని ఉన్నట్టే. ఇది స్కానర్‌కు కనిపించే జబ్బు కాదు.

జవాబు: పాత డ్రైవరు, బంగారుపాళ్యం

న్యూట్రల్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే పదేళ్లపాటు నేనూ అలాగే దించాను. మీలాంటి కొత్త బండ్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద నుంచి కాలు పూర్తిగా తీసేస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి కనుక కంప్యూటరు డీజిల్ పోయడమే ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి మళ్లీ డీజిల్ పోయక తప్పదు. అంటే పొదుపు అనుకుని చేసేదే ఖర్చు. అది పోగా, బండి బరువంతా బ్రేకుల మీద పడి అవి కాలిపోతాయి. ఇంజిన్ ఆపి దించేవారు కూడా ఉన్నారు. వారికి బ్రేకుకు అందే బూస్టు పోతుంది, పవర్ స్టీరింగు పోతుంది, మొగిలి మలుపుల్లో ఈ రెండూ లేకుండా దిగడం ఎలా ఉంటుందో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఎక్కేటప్పుడు మాత్రం పై గేరులోనే గుంజించాలని పట్టుపట్టకండి. బండి వణుకుతున్నా మూడో గేరు వదలకుండా యాక్సిలరేటరు అడుగంటా తొక్కితే డీజిల్ ఎక్కువ పోతుంది, వేగం మాత్రం రాదు. మలుపుకు ముందే రెండుకు దించి, ఒకే నిలకడ మీద ఎక్కించండి. క్లచ్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉంటే మానుకోండి. తిరుగు దారిలో ఖాళీ బండి కదా అని హైవే మీద 80లో పోకండి. 60లో ఉన్న గాలి అడ్డు 80లో దాదాపు ఒకటిన్నర రెట్లు దాటి, 1.8 రెట్లకు దగ్గరవుతుంది. టార్పాలిన్ పట్టను వదులుగా వదిలేస్తే అది గొడుగులా ఉబ్బి ఇంకా లాగుతుంది.

జవాబు: ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మూడు ట్యాంకులు అయ్యేదాకా ఆగి రాస్తున్నాను కనుక ఆలస్యమైంది. మెకానిక్ గారు అనుమానించినట్టే టైరు సైజు ఒక అంకె మారింది, నేను గమనించలేదు. ఫోన్‌లో 82 కిలోమీటర్లు వచ్చిన ట్రిప్పుకు మీటరు 79 చూపింది. వెనుక ఎడమ చక్రం వేడిగా ఉంది, విప్పితే హ్యాండ్‌బ్రేకు కేబుల్ తుప్పు పట్టి బిగిసిపోయి ఉంది. మార్చడానికి ఒక పూట పట్టింది. గేరులోనే దించుతున్నాను, మందు సీసా కొనలేదు. ఫోన్ చూపిన కిలోమీటర్ల లెక్కన ఇప్పుడు 11.2 వస్తోంది.

జవాబు: తిరుపతి మెకానిక్

బరువు ఎక్కించే ట్రిప్పుకు అది మంచి సంఖ్యే. కొత్త టైర్ల గాట్లు లోతుగా ఉన్నంతకాలం కొద్దిగా లాగుతుంది, అరిగేకొద్దీ తగ్గుతుంది. ఇక పన్నెండు కోసం బండిని విప్పదీయకండి. అడగవలసింది దాణా వ్యాపారిని: టమాటా దించినప్పటి రేటుకే ఆయన బస్తాలు ఎక్కించుకుంటున్నారా?

జవాబు: ప్రశ్న అడిగినవారు

అదే రేటుకు తోలుతున్నాను. 0.4 లీటరు లెక్కను కాగితం మీద వేసి నిన్న ఆయనకు చూపించాను. వచ్చే లోడు నాటికి చెబుతానన్నారు.