సర్వర్ మార్చాక పాత టేపులు తీసుకోవట్లేదు: టేపు మానెయ్యాలా, పాత మిషన్ ఉంచుకోవాలా?

భీమవరం మిల్లు:
మాది రైస్ మిల్లు అండి. కాటా చీటీలు, రైతుల ధాన్యం లెక్కలు విండోస్ సర్వర్ 2003లో ఉండేవి, శనివారం శనివారం అందులోనే వచ్చే ఎన్‌టీ బ్యాకప్ ప్రోగ్రాంతో ఎల్‌టీఓ-3 (మూడో తరం డేటా టేపు) మీదకి తీసేవాళ్లం. పోయిన నెల కొత్త మిషన్ కొని సర్వర్ 2016 వేయించాం, టేపు డ్రైవ్‌ని, దాన్ని మిషన్‌కి కలిపే కార్డుతో సహా అందులోకి మార్చారు. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ కనిపిస్తోంది, కానీ బ్యాకప్ ప్రోగ్రాంలో టేపు ఊసే లేదు. వేసినతను టేపులు పాడైపోయాయి, క్లౌడ్‌కి వెళ్లిపొమ్మంటున్నాడు. పాత మిషన్ ఇచ్చేద్దామా?

అమలాపురం స్టూడియో:
ఇచ్చేయండి. మన దగ్గర గాల్లోనే నీళ్లుంటాయి, ఏళ్ల తరబడి దాచే టేపు దగ్గర తేమ 50 శాతం దాటకూడదంటారు, వానాకాలంలో అది మనవల్ల అవుతుందా? నేను పెళ్లి వీడియోలన్నీ రెండేసి హార్డ్ డిస్కుల్లో పెట్టుకున్నాను, టెన్షన్ లేదు.

కాకినాడ సర్వీసు:
దయచేసి ఇవ్వకండి! తేమ సంగతి నిజమే, కానీ ఇక్కడ జరిగింది అది కాదు. ఎన్‌టీ బ్యాకప్‌ని మైక్రోసాఫ్ట్ విండోస్ విస్టా నుంచే తీసేసింది, సర్వర్ 2008 నుంచి ఇస్తున్న విండోస్ సర్వర్ బ్యాకప్‌కి టేపు మీద రాయడమే రాదు, అంటే మీ టేపుని అది చదివి చూసి పాడైందని చెప్పలేదు, అసలు ముట్టుకోనే లేదు. ముందు ప్రతి టేపుకీ ఉన్న ఎర్ర మీటని తాళం గుర్తు వైపుకి జరపండి. ఇది ఎందుకంటే, రేపు ఎవరైనా వేరే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెడితే అది తనకి తెలియని టేపు చూసి చెరిపెయ్యనా అని అడుగుతుంది, ఎవరో ఒకరు ఓకే నొక్కుతారు, అంతే. తర్వాత డ్రైవ్‌నీ కార్డునీ పాత మిషన్‌లో పెట్టి, ఎన్‌టీ బ్యాకప్‌లో రీస్టోర్ పేజీలో టేపుని క్యాటలాగ్ చేసి, అంటే అందులో ఏమున్నాయో జాబితా చదివించి, డిస్కు మీదకి దించండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, లినక్స్‌లో నా చేతులతోనే పోగొట్టాను. టేపు డ్రైవ్ పేరు ఎన్‌ఎస్‌టీ0 అని ఇవ్వాల్సిన చోట ఎస్‌టీ0 అని ఇచ్చాను, అది పని అయిన ప్రతిసారీ టేపుని మొదటికి తిప్పేస్తుంది, రెండో రోజు బ్యాకప్ మొదటి రోజు దాని మీదే పడింది. డ్రైవ్ బాగుంది, టేపు బాగుంది, డేటా లేదు.

అమలాపురం స్టూడియో:
సరేనండి, పాడవలేదనే అనుకుందాం. ఆ పాత మిషన్ ఎన్నాళ్లు బతుకుతుంది? చివరికి డిస్కులకే రావాలిగా.

కాకినాడ సర్వీసు:
రావాలి, కాదనను. దించాక రండి, దించకముందు కాదు. టేపే కొనసాగిస్తామంటే ఎల్‌టీఓ-5 డ్రైవ్ దాకానే ఎల్‌టీఓ-3ని చదువుతుంది, ఎల్‌టీఓ-6 కొంటే పనికిరాదు.

భీమవరం మిల్లు:
రాత్రి డ్రైవ్ వెనక్కి పెట్టి చూశాం అండి. క్యాటలాగ్ అవడానికి చాలాసేపు పట్టింది, ఈలోగా మా నాన్నగారు కుర్చీలోంచి లేవలేదు. 2011 దాళ్వా కాటా చీటీలు వరసగా వచ్చాయి, ఒకటి తెరిచి బస్తాల లెక్క పాత పుస్తకంతో సరిచూశాం, సరిపోయింది. ఇంకా 26 టేపులున్నాయి. అన్నీ దిగేదాకా పాత మిషన్ ఎక్కడికీ వెళ్లదు.