వినినంతనె వేగపడక... తర్వాత ఏమిటి?

ఒంగోలుగిత్త: 2003 బేస్‌బాల్‌లో బాస్టన్, న్యూయార్క్ యాంకీస్ జట్ల ఏడో ఆట మళ్ళీ చూశాను. ఏడో ఇన్నింగ్స్ అవగానే బాస్టన్‌కి బంతులు విసిరే పెడ్రో మార్టినెజ్ ఆకాశం కేసి వేలు చూపిస్తూ జట్టు కూర్చునే డగౌట్‌కి వస్తాడు, తోటివాళ్ళు వాటేసుకుంటారు, అంటే ఇవాళ్టికి పని అయిపోయినట్టే లెక్క. అప్పటికే వంద బంతులు విసిరాడు. అయినా మేనేజర్ గ్రేడీ లిటిల్ ఎనిమిదో ఇన్నింగ్స్‌కీ అతన్నే దింపాడు. దెబ్బలు పడుతుంటే బంతి విసిరే దిబ్బ (మౌండ్) దాకా వెళ్ళి ఓపికుందా అని అడిగి, ఉందనగానే వెనక్కొచ్చేశాడు. బాస్టన్ ఆధిక్యం 5-2 కాస్తా 5-5 అయింది. సుమతీ శతకంలో "వినదగు నెవ్వరు చెప్పిన" గుర్తొచ్చింది. రెండో పాదం చివర విచారింపదగున్ అనా, వివరింపదగున్ అనా?

కందంమాస్టారు: వివరింపదగున్. విచారింప అంటే ఒక మాత్ర ఎక్కువై గణం చెడుతుంది. యతికి రెండూ సరిపోతాయి, అందుకే చాలామంది బోల్తా పడతారు.

ఊరగాయజాడీ: గణం సరే మాస్టారూ, అర్థం? విన్నవాడు ఎవరికి వివరించాలి? ఆట ఓడాక విలేకర్లకా?

కందంమాస్టారు: ఇక్కడ వివరించడమంటే తరచి చూడడం. కిందే "కని కల్ల నిజముఁ దెలిసిన" అని ఉంది కదా. అరసున్న మింగేయకండి.

ఊరగాయజాడీ: నేనొప్పుకోను. వివరణ అంటే సంస్కృతంలో మూసింది విప్పడం. పెడ్రో మాటలో కల్ల లేదు, ఓపికుందనే అనుకున్నాడు. చూడాల్సింది అతని మాట కాదు, చెయ్యి. వంద దాటాక పట్టు తప్పుతాడని జట్టులో లెక్కలు చూసేవాళ్ళకి ముందే తెలుసు.

వేమనభక్తుడు: దీనికి సుమతి దాకా ఎందుకండీ, "చూడ చూడ రుచుల జాడ వేరు" చాలదూ? మొదటి ఇన్నింగ్స్ బంతీ ఎనిమిదో ఇన్నింగ్స్ బంతీ మనకి ఒకలాగే కనిపిస్తాయి, తేడా యాంకీస్ ఆటగాడు మట్సుయి బ్యాటుకి తెలిసింది. ఆటవెలదిలో ఉన్న ఆ చురుకు కందంలో రాదు.

కందంమాస్టారు: కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అని ఊరికే అన్నారా?

ఒంగోలుగిత్త: ఇంతకీ లిటిల్ తప్పేనంటారా? పదకొండో ఇన్నింగ్స్‌లో యాంకీస్ ఆటగాడు ఆరన్ బూన్ సిక్సర్ లాంటిది బాదాడు, బాస్టన్ ఓడింది, ఆ నెలలోనే లిటిల్ ఉద్యోగం ఊడింది.

ఊరగాయజాడీ: అసలు పేచీ మొదటి మాటలోనే ఉంది. వినదగు అంటే వినాల్సిందేనా, వింటే తప్పులేదా?

కందంమాస్టారు: దానికి వేరే పోస్టు పెట్టండి. ముందు భక్తుడుగారు తన పాదంలో యతి చూపించాలి. చూకీ జాకీ అచ్చు కలవదే?

వేమనభక్తుడు: ప్రాసయతి మాస్టారూ. చూడ, జాడ.