సమస్యాపూరణం: “తలుపు పగులఁగొట్టి దైవ మయ్యె”

నిర్వాహకులు: నవంబరు 19 దగ్గరపడిందంటే దివిసీమ పెద్దలు ఇప్పటికీ ఒకసారి సముద్రం వైపు చూస్తారు. 1977లో ఆ రోజున విరుచుకుపడిన ఉప్పెన దాదాపు ఐదు మీటర్ల ఎత్తున కడలిని ఊళ్లలోకి తెచ్చి, సుమారు 10,000 మందిని పొట్టన పెట్టుకుంది. నీరు తీసిన తరువాత ఎవరూ పిలవకుండానే వచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పేరు తెలియని శవాలకు నిప్పుపెట్టి, చెరువులు ఉప్పునీటి పాలైన ఊళ్లకు మంచినీరు మోసిన వారిని తలచుకోవడానికే ఈ వారం సమస్య ఇచ్చాను. ఛందస్సు ఆటవెలది, సమస్య నాలుగో పాదం. తలుపు పగులగొట్టేవాడు దొంగ కావాలి గాని దైవమెలా అవుతాడన్నదే ఇక్కడి చిక్కు. తుపానులోనో వరదలోనో ఆదుకోవడానికి వచ్చినవాడే కర్తగా ఉండాలి. ఏ తుపాను, ఏ ఊరు, ఎందుకు మూసుకుపోయిన తలుపు అన్నది పద్యంలో కనిపిస్తే మరీ మంచిది.

విజయవాడ సభ్యులు: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు, మత్స్యకారులు తమ పడవలతో వీధుల్లో తిరిగిన దృశ్యాన్ని మనసులో పెట్టుకుని రాశాను.

నీరు నడుము దాటి నిలువెల్ల ముంచంగ
ముదుసలమ్మ లోన మూల్గుచుండ
పడవ నుండి దూకి పల్లెవాఁ డొక్కండు
తలుపు పగులఁగొట్టి దైవ మయ్యె.

నిర్వాహకులు: “పల్లెవాడు” అన్న మాట పద్యానికి ప్రాణం పోసింది. కోస్తాలో అది గ్రామస్థుడికీ చెల్లుతుంది, వల వేసి బతికే పల్లెకారుడికీ చెల్లుతుంది. అయితే మొదటి పాదంలో అర్థం తనను తానే కొట్టుకుంటున్నది. నడుము దాటిన నీరు నిలువెల్లా ముంచదు, నిలువెల్లా ముంచితే ముసలమ్మ మూలగదు. యతి కోసం వచ్చిన “నిలువెల్ల” ఇది. “నీరు నడుము దాటె నిశి నడిజామున” అని మార్చి చూడండి. యతి చెడదు, వేళ కూడా తెలుస్తుంది.

కాకినాడ సభ్యులు (విశ్రాంత ఇంజినీరు): తలుపు ఎందుకు పగలగొట్టవలసి వచ్చిందని అడిగేవారికి ఒక చిన్న లెక్క చెబుతాను. మూడడుగుల వెడల్పున్న తలుపుకు ఒక వైపున మాత్రమే రెండడుగుల నీరు నిలిచినా, ఆ నీటి ఒత్తిడి నూటయాభై కిలోల బరువు ఆనించినదానికి పైమాటే. దానికి తోడు చెక్క ఉబ్బి ద్వారబంధంలో బిగుసుకుంటుంది. లోపలి ముదుసలి తీయలేకపోవడం సహజమే గనుక ఈ పూరణలో అతిశయోక్తి లేదు.

విశాఖపట్నం సభ్యులు: పద్యాలు రాయడం మొదలుపెట్టి ఆరు నెలలే అయింది, తప్పులుంటే దిద్దండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా నగరం మీదుగా తీరం దాటిన మరునాడు వీధి కనిపించలేదు, చెట్లే కనిపించాయి.

గాలి యార్చి చెట్లఁ గూల్చివేసిన వేళ
వీధి పడుచువాఁడు వెదకి వచ్చి
కొమ్మ లెల్ల నఱికి కోసి ఱంపము తోడ
తలుపు పగులఁగొట్టి దైవ మయ్యె.

నిర్వాహకులు: గణాలు చక్కగా నడిచాయి, మొదటి పాదంలో యతి మాత్రం తప్పింది. “గా”కు “గూ” చెల్లదు, హల్లు కలిసినా అచ్చు కలవలేదు. ఇక మూడో పాదంలో ఉన్నది కంటికి కనబడని తప్పు. “తోడ” ద్రుతప్రకృతికం, అంటే చివర నకారం దాగి ఉన్న మాట, దాని తరువాత “తలుపు” సరళాదేశంతో “దలుపు” కావాలి. సమస్యలోని అక్షరాన్ని మార్చే హక్కు మనకు లేదు గనుక, సమస్యకు ముందు పాదాన్ని కళతో, అంటే ఆ నకారం లేని మాటతో ముగించడం క్షేమం. నా సవరణ ఇది:

గాలి యార్చి చెట్లఁ గడపలోఁ బడవేయ
వీధి పడుచువాఁడు వెదకి వచ్చి
కొమ్మ లెల్ల నఱికి కోసి ఱంపముఁ బట్టి
తలుపు పగులఁగొట్టి దైవ మయ్యె.

చెట్టు గడపలోనే పడిందని చెప్పడంతో తలుపు ఎందుకు తెరుచుకోలేదో కూడా తేలిపోయింది. నరకడం, కోయడం రెండూ ఎందుకని అడగవచ్చు. చిన్న కొమ్మలను కత్తితో నరికి, మానును రంపంతో కోస్తారు కాబట్టి నేను దానిని వదిలేశాను.

అవనిగడ్డ సభ్యులు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు): మా ఊరి ఉప్పెన మీద మీరు సమస్య ఇచ్చినప్పుడు నేను ఊరుకుంటే బాగుండదు.

దేవుఁ డెచట నంచుఁ దెగ వాదమాడెడు
నాస్తికుండు దివికి నాడు వచ్చి
బురదఁ దోసి పసుల బొందులఁ దొలగించి
తలుపు పగులఁగొట్టి దైవ మయ్యె.

రాజమహేంద్రవరం సభ్యులు: మాస్టారూ, పద్యం ధారగా ఉంది గాని, సేవ చేసిన వాడిని నాస్తికుడనడం, ఆ వెంటనే దైవమనడం ఎత్తిపొడుపులా లేదా? అతడిని అతడి నమ్మకం మీదే ఓడించినట్లు నాకు తోచింది.

అవనిగడ్డ సభ్యులు: ఎత్తిపొడుపు కాదండీ. గోరా స్థాపించిన విజయవాడ నాస్తిక కేంద్రం వారు ఆ ఉప్పెన తరువాత సహాయ కార్యక్రమాల్లో నిజంగానే పాల్గొన్నారు. రామకృష్ణ మిషన్ వారూ వచ్చారు, క్రైస్తవ సంస్థల వారూ వచ్చారు. పశువుల కళేబరాలు కుళ్లుతున్న చోట పక్కవాడి మతం అడిగే తీరిక ఎవరికీ లేదు. దైవమన్నది అతడి మాట కాదు, తలుపుకు అవతల ఉన్న వారి మాట.

నిర్వాహకులు: మాస్టారి పద్యంలో “దివికి” దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దివి అంటే స్వర్గం, దివి అంటే దివిసీమ. స్వర్గం లేదన్నవాడు దివికి వచ్చాడని ఏ ఆర్భాటమూ లేకుండా అనేశారు. “పసుల బొందులఁ దొలగించి” అన్నది ఇంకా పెద్ద సంగతి. సేవను పొగిడే పద్యాలన్నీ కరుణామూర్తి, త్యాగధనుడు అంటూ సమాసాల్లో తేలిపోతాయి, ఆ మనిషి చేతికి అంటిన బురద ఒక్కదానిలోనూ కనిపించదు. దైవమన్న మాటను ఈ సమస్యలో నేనే ఇచ్చేశాను, దాన్ని సంపాదించిపెట్టే పని మూడో పాదానిది. ఇక్కడ ఆ పాదం ఆ పని చేసింది.

నెల్లూరు సభ్యులు: తుపాను రక్షణ భవనాలు లేని రోజుల్లో ఊరి బడే దిక్కు. అది తలచుకుని రాశాను.

తాళ మున్న బడికిఁ దల్లులు పిల్లలు
తడిసి వచ్చి చేరఁ దల్లడమున
గునపమూని వచ్చి కుఱ్ఱవాఁ డొక్కండు
తలుపు పగులఁగొట్టి దైవ మయ్యె.

నిర్వాహకులు: సన్నివేశం బలంగా ఉంది. “వచ్చి” రెండుసార్లు రావడం, “ఒక్కండు” మొదటి పూరణలోలాగే పాదాన్ని నింపడానికి రావడం కొంచెం తగ్గించాయి. “గునప మెత్తి వంటకుఱ్ఱవాఁ డొక్కండు” అంటే ఒక “వచ్చి” పోతుంది, ఆ కుర్రవాడికీ ఒక ముఖం వస్తుంది. బడిలో వంట చేసేవాడికి ఆ తలుపు ఎక్కడ బలహీనమో తెలిసే ఉంటుంది.

హైదరాబాదు సభ్యురాలు: అందరి పూరణలూ చదివాక ఒక సందేహం వచ్చింది. పల్లెవాడు, పడుచువాడు, నాస్తికుడు, కుర్రవాడు. తలుపులు పగలగొట్టిన వారందరూ మగవారేనా? “అయ్యె” అన్న క్రియ స్త్రీకీ పురుషుడికీ ఒకేలా చెల్లుతుంది గనుక సమస్య ఎవరినీ అడ్డుకోలేదు, మనమే అడ్డుకున్నాం. మొదటి పూరణలో మూడో పాదాన్ని ఇలా చదివితే ఎలా ఉంటుంది?

పడవ నుండి దూకి పల్లె యాఁడపడుచు

నిర్వాహకులు: అమ్మా, గణం కుదిరింది, యతి కుదిరింది, పాదపూరణ కోసం వచ్చిన “ఒక్కండు” కూడా పోయింది. సవరణకు సవరణ ఇంత బాగా అమరడం అరుదు. విజయవాడ వారు అంగీకరిస్తే ఈ పాఠాన్నే ఉంచుదాం.

విజయవాడ సభ్యులు: సంతోషంగా అంగీకరిస్తున్నాను. మొదటి పాదం నిర్వాహకులది, మూడో పాదం అమ్మగారిది, నాకు రెండో పాదం మిగిలింది.

శ్రీకాకుళం సభ్యులు: నేను విపత్తుల్లో ఆదుకోవడం నేర్పే ఆపద మిత్ర పథకంలో శిక్షణ పొందిన వాలంటీరును. ఈ పథకం 2016లో 30 జిల్లాలతో ప్రయోగంగా మొదలై, తరువాత 350 జిల్లాల్లో లక్ష మందికి శిక్షణ ఇవ్వాలన్న లక్ష్యంతో విస్తరించింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాలో కొబ్బరితోటలను నేలమట్టం చేసినప్పుడు నాకు ఏ శిక్షణా లేదు, ఇంట్లో ఉన్న గొడ్డలి తీసుకుని బయలుదేరాను. పెద్దల పద్యాలు చదివి ఆనందించాను గాని, దైవమన్న మాట దగ్గర ఇబ్బందిగా అనిపించింది. దైవానికి ఆకలి వేయదని, కాలికి మేకు దిగదని అందరూ అనుకుంటారు. అందుకే పూరణ కాకపోయినా ఒక ఆటవెలది రాశాను.

దైవ మనుట వద్దు, దండలు వద్దయ్య,
తాడు, టార్చి యొకటి, తగిన పడవ
ముందె యిండు చాలు, ముంపు నీటను నేను
మునిఁగి వచ్చి ప్రాణములనుఁ దెత్తు.

అవనిగడ్డ సభ్యులు: నాయనా, నాలుగో పాదంలో “ములను” దగ్గర యతి పడిన తీరుకు నలభై ఏళ్లు పాఠం చెప్పిన నేను ముచ్చటపడ్డాను. నా నాస్తికుడు బతికి ఉంటే నీ పద్యాన్నే మెచ్చుకునేవాడు.

నిర్వాహకులు: సమస్య లేదు కాబట్టి నియమం ప్రకారం దీనిని పూరణల్లో చేర్చలేను. అయినా ఈ వారం పద్యాలన్నిటినీ ఒకచోట కూర్చేటప్పుడు దీనిని మొదట పెడతాను. “ముందె” అన్న చోట ఊనిక పడిందని గమనించాను. తుపాను వెలిసిన తరువాత ఇచ్చే దండకు, రాకముందు ఇచ్చే తాడుకు ఉన్న తేడా అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. మార్చవలసిన అక్షరం నాకు కనబడలేదు.

శ్రీకాకుళం సభ్యులు: నమస్కారమండీ. ఒక లోటు మాత్రం ఉంది. టార్చికి కొత్త బ్యాటరీలు కూడా అడగాలనుకున్నాను, ఎంత తిప్పినా ఆ మాటకు పద్యంలో చోటు దొరకలేదు.