దుద్దుకూరు టరిటెల్లా గుల్లలు: తొలి చుట్లు విరగకుండా రాయి తీయడం ఎలా?

నమస్కారం. తిరుపతి ల్యాబ్‌లో శుభ్రం చేస్తున్న టరిటెల్లా (పొడవుగా, మొనదేలి చుట్లు తిరిగిన సముద్రపు నత్త గుల్ల) శిలాజాల గురించి సలహా కావాలి. రాజమండ్రి దగ్గర దుద్దుకూరులో, బసాల్టు (లావా గట్టిపడిన నల్లరాయి) కిందున్న సముద్రపు సున్నపురాయి పొరవి ఇవి. (దానికీ కింద ఉన్నది ‘తిరుపతి ఇసుకరాయి’. పేరు చూసి మన కొండరాయి అనుకోకండి, శేషాచలం క్వార్ట్‌జైట్ దానికంటే ఎంతో పాతది.)

బంకమన్ను పట్టిన వాటితో ఇబ్బంది లేదు. బాగా ఆరబెట్టి, గంటసేపు కిరోసిన్‌లో నానబెట్టి, వంపేసి వేడినీళ్లు పోస్తే మన్ను విచ్చుకుంటోంది. ముందే తడి ఉంటే మాత్రం కిరోసిన్ లోపలికి దిగదు.

చిక్కంతా గట్టి సున్నపురాయిలో ఇరుక్కున్న టరిటెల్లాలతోనే. వెనిగర్ పనికిరాదు, గుల్లా రాయీ రెండూ కాల్షియం కార్బొనేటే. సూదితో గీకితే మొన వైపు చుట్లు రాలిపోతున్నాయి. జాతి తేల్చాలంటే చూడాల్సింది అక్కడే: సర్పిలపు గీతలు ఏది ముందు, ఏది తర్వాత పుట్టిందో ఆ చుట్లే చెబుతాయి. అవి రాలకుండా పట్టి ఉంచేందుకు, అసిటోన్‌లో 5 శాతం పారలాయిడ్ బి-72 (శిలాజాలను గట్టిపరిచే యాక్రిలిక్ రెజిన్) కలిపి పూశాం. ముసురు రోజుల్లో అది తెల్లగా పాలపొర కడుతోంది. అసిటోన్ చప్పున ఆవిరై ఉపరితలం చల్లబడితే గాలిలో తేమ అక్కడ దిగుతుంది, అదే కారణమనుకుంటున్నాం.

2 శాతం ద్రావణం పలుసార్లు పూయడం మేలా, నెమ్మదిగా ఆవిరయ్యే టొల్యూన్‌కి మారడమా? గుల్ల కరిగి అచ్చు మాత్రమే మిగిలిన చోట లేటెక్స్ పోయాలా, సిలికానా? సన్నటి మొన తెగకుండా ఊడిరావాలి. ఫొటోలో గీతలు తేటగా కనబడేందుకు వేసే తెల్లటి అమ్మోనియం క్లోరైడ్ పూత కూడా వానల్లో నిమిషాల్లో చెమ్మగిల్లుతోంది. చేసి చూసినవాళ్లు పాళ్లతో సహా చెప్పగలరు.