డీజిల్ కారులో ఆర్పీఎం ముల్లు పడిపోతోంది, డైనమో మార్చాకే మొదలైంది

పాతబండి:
నాన్న కారు 1999 మోడల్ డీజిల్, మెకానికల్ పంపు బండి. పోయిన నెల డైనమో పాడైతే, నంద్యాలలో పాత సామాన్ల కొట్టు నుంచి ఇంకోటి తెచ్చి వేయించాం. అప్పటినుంచి గతుకుల్లో ఆర్పీఎం ముల్లు (ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపేది) సున్నాకి పడిపోతోంది, కాసేపటికి మళ్ళీ లేస్తోంది. స్టార్ట్ చేయగానే బ్యాటరీ లైటు మామూలుగానే ఆరిపోతోంది, చార్జింగ్ 14.1 వోల్టులు ఉంది. మిగతా ముళ్ళన్నీ బాగున్నాయి.

నాన్నకి వినికిడి బాగా తగ్గింది. ఇంజిన్ మోత సరిగా వినపడక, ముల్లు 2,500కి వచ్చాక గేరు మారుస్తారు. అందుకే నాకు టెన్షన్. మీటరు బోర్డు మొత్తం మార్చాలంటున్నారు, నిజంగా అవసరమా?

తీగలపని:
బోర్డు జోలికి ఇప్పుడే వెళ్ళకండి. పెట్రోలు బండిలో అయితే ఈ ముల్లుకి సిగ్నల్ ఇగ్నిషన్ కాయిల్ నుంచి వస్తుంది. డీజిల్‌కి స్పార్కే లేదు కదా! మీలాంటి పాత బండ్లలో చాలావాటికి డైనమో వెనక 'డబ్ల్యూ' టెర్మినల్ నుంచి సన్న వైరు మీటరుకి వెళ్తుంది. లోపలి వైండింగ్‌లో ఒక ఫేజ్ నుంచి, ఏసీని డీసీగా మార్చే డయోడ్ల కంటే ముందే తీసిన కనెక్షన్ అది. డైనమో ఎంత వేగంగా తిరిగితే అన్ని పల్సులు. చార్జింగ్ వైరు వేరు కాబట్టి చార్జింగ్ బాగున్నా ముల్లు పడిపోవచ్చు.

ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి, డబ్ల్యూకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య చూడండి. సుమారు ఏడెనిమిది వోల్టులు రావాలి. అక్కడ నిలకడగా వస్తూ మీటరు కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) దగ్గర రాకపోతే దారిలో వైరు తెగినట్టే. ఫ్యాన్ బెల్టుకి చేతులు, చొక్కా దూరంగా ఉంచండి. నట్టు విప్పాలంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, పక్కనున్న లావు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది.

పాతబండి:
దొరికింది! టెర్మినల్ దగ్గర 7.4 వోల్టులు, వైరు కదిపితే కప్లర్ దగ్గర సున్నా. వైరు కొసన టెర్మినల్‌కి బిగించే లగ్గు లోపల రాగి పోగులు తెగి రెండే మిగిలాయి. కొత్త లగ్గు వేశాక ముల్లు పడిపోవడం ఆగింది. కానీ స్లో స్పీడులో ఎప్పుడూ 800 చూపేది ఇప్పుడు 1,000 చూపిస్తోంది. ఇంజిన్ చప్పుడు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

గేర్‌బాక్స్:
డైనమో పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) కొలిచారా? చిన్న పుల్లీ అయితే డైనమో ఎక్కువ తిరుగుతుంది, మీటరు దాన్నే నమ్ముతుంది. పాత డైనమో పారేయకపోతే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. దీన్ని వదిలేయొద్దు. ముల్లు 2,500 అన్నప్పుడు ఇంజిన్ నిజంగా 2,000లోనే ఉంటుంది. మీ నాన్నగారు ముందే గేరు మార్చేస్తారు, ఎత్తులో బండి లాగలేక ఇబ్బంది పడుతుంది.

పాతబండి:
పాతది 70 మిల్లీమీటర్లు, దీనిది 56. లెక్క సరిగ్గా కుదిరింది, 800ని 70తో హెచ్చించి 56తో భాగిస్తే 1,000. పాత పుల్లీ ఈ షాఫ్టుకి పట్టింది, బెల్టు బిగువు మళ్ళీ సరిచేశాం. ముల్లు 800 దగ్గర నిలబడింది. రెండు వారాలుగా ఎత్తులో బండి లాగట్లేదని నాన్న అంటుంటే వయసు వల్ల అనుకున్నాను. తప్పు నాన్నది కాదు. రేపు పొద్దున మహానందికి ఆయనే నడుపుతారు, నేను పక్కన కూర్చుంటాను.