పన్నెండేళ్ల హ్యాచ్‌బ్యాక్ కొనేటప్పుడు మీటరును నమ్మాలా, సర్వీసు రసీదులను నమ్మాలా?

ప్రశ్న

రెండు పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌లు చూసి వచ్చాను. రెండింటి వయసూ పన్నెండేళ్లే. మొదటిది 35,000 కిలోమీటర్లే తిరిగింది కానీ, దానికి సర్వీసు చేయించిన ఆధారాలేవీ లేవు. రెండోది 1,20,000 దాటింది. రసీదులన్నీ భద్రంగా ఉన్నాయి. ఇంట్లో అందరూ మొదటిదే కొనమంటున్నారు. దేనికి మరమ్మతుల బెడద తక్కువగా ఉంటుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1

మొదటిదే తీసుకోండి. క్లచ్ ప్లేటు, పిస్టన్ రింగులు, వీల్ బేరింగులు, షాక్ అబ్జార్బర్లు తిరిగిన దూరాన్ని బట్టే అరుగుతాయి. రసీదు ఉన్నంత మాత్రాన అరిగిన లోహం తిరిగి రాదు. రబ్బరు గొట్టాలూ, బెల్టులూ పాడైతే మార్చుకోవచ్చు; ఇంజను విప్పవలసి వస్తే ఆ ఖర్చుకు అంతు ఉండదు.

సమాధానం 2

పై మిత్రులు అరుగుదల గురించి చెప్పినది నిజమే. అయితే పన్నెండేళ్లలో 35,000 అంటే ఏడాదికి మూడు వేల కిలోమీటర్లైనా లేవు. అంత తక్కువ తిరిగిన కారు ఎక్కువ కాలం కదలకుండా నిలబడి ఉండాలి, లేదా పక్క వీధి వరకు వెళ్లి వస్తూ ఉండాలి. ఈ రెండూ కారుకు మంచివి కావు. దగ్గరి ప్రయాణాలలో ఇంజను పూర్తిగా వేడెక్కదు కాబట్టి, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరై పోదు; సైలెన్సర్‌లో నిలిచిన నీరు దానిని లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండవలసిన మరుగు స్థానం, తేమ చేరాక 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. అటువంటి కారుతో పొడవైన దిగుడు దారిలో బ్రేకులు వేస్తూ పోతే, ఆయిల్ మరిగి, పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. ఇదేదీ మీటరులో కనిపించదు.

నేనూ ఒకప్పుడు ఇలాగే అంకె చూసి మోజుపడి, పదకొండేళ్ల వయసున్న, తక్కువ తిరిగిన కారు కొన్నాను. మొదటి వారంలోనే బానెట్ ఎత్తి రేడియేటర్ పైగొట్టాన్ని వేళ్లతో నొక్కితే, అది రబ్బరులా వంగకుండా ఎండు కొమ్మలా కరకరలాడింది. మడత దగ్గర సన్నని పగుళ్లు కనిపించాయి. పిస్టన్ల కదలికకు తగ్గట్టు వాల్వులను తెరిచి మూయించే టైమింగ్ బెల్టు మూత తీయించి చూస్తే, పళ్ల మొదళ్లలోనూ అవే పగుళ్లు. చాలా ఇంజన్లలో ఆ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. అందుకే బెల్టు గడువును తయారీదారు కిలోమీటర్లలోనూ, సంవత్సరాలలోనూ కూడా చెబుతాడు. ఏది ముందు వస్తే అప్పుడే మార్చాలి. మీరు చూసిన మొదటి కారుకు టైమింగ్ బెల్టే ఉండి, దానిని మార్చిన ఆధారం లేకపోతే, మార్చలేదనే అనుకుని వాటర్ పంపుతో సహా ఆ ఖర్చును ధరలో కలిపి లెక్కవేయండి. బెల్టుకు బదులు చెయిన్ ఉన్న ఇంజనైతే ఇలా గడువు పెట్టి మార్చవలసిన పని సాధారణంగా ఉండదు గాని, ఆయిల్ వేళకు మార్చకపోతే చెయిన్ సాగి, స్టార్టు చేయగానే గలగలమని మోగుతుంది.

సమాధానం 1 ఇచ్చినవారు

మీరు చెప్పిన బెల్టు, గొట్టాలు, ద్రవాలు అన్నీ కలిపి మార్పించినా, ఒక ఇంజను విప్పే ఖర్చు కంటే తక్కువే అవుతుంది కదా? లక్ష దాటిన కారులో క్లచ్, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, ఇంజను మౌంటింగులు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ఆ వరుస మాటేమిటి?

సమాధానం 2 ఇచ్చినవారు

ఆ వరుస వస్తుంది, కాదనను. కానీ అవన్నీ ముందే చప్పుడు చేసి చెప్పే లోపాలు. బుష్ పోతే గతుకుల మీద టకటకమంటుంది, వీల్ బేరింగ్ పోతే వేగంతో పాటు హోరు పెరుగుతుంది, మౌంటింగ్ పోతే నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. క్లచ్ సంగతి తెలుసుకోవడానికి నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజను మోత పెరిగినంతగా కారు వేగం పెరగకపోతే ప్లేటు జారుతున్నట్టే. లక్ష దాటినా వేళకు ఆయిల్ మార్చిన ఇంజను విప్పవలసి రాకుండా నడుస్తుంది. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని ఇంజను 35,000కే జిడ్డు పేరుకుని ఉండవచ్చు. అందుకే నా దృష్టిలో రసీదుకు అంత విలువ.

ప్రశ్న అడిగినవారికి ఒక మనవి: రెండు కార్లనూ ఉదయాన, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడండి. ముందుగానే స్టార్టు చేసి వేడి చేసి ఉంచితే, ఆ రోజుకు తిరిగి వచ్చేయండి. ఆయిల్ మూత అడుగున మీగడలాంటి పూత కనిపించగానే హెడ్ గాస్కెట్ (ఇంజనులో ఆయిల్, కూలెంట్ అంటే చల్లబరిచే ద్రవం కలవకుండా ఆపే పొర) పోయిందని తేల్చేయకండి, దగ్గరి ప్రయాణాల తేమ వల్ల కూడా అది వస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీది ఆయిల్ కూడా పాలు కలిసినట్టుండి, కూలెంట్ తగ్గుతూ ఉంటే మాత్రం ఆ కారును వదిలేయండి. టైర్ల వయసూ చూడండి: టైరు పక్క గోడ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతం చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2315 అంటే 2015లో 23వ వారంలో తయారైనది.

ప్రశ్న అడిగినవారు

ఈ ఉదయం రెండూ మళ్లీ చూశాను. మొదటి కారు టైర్లు నాలుగూ కారు తయారైన ఏటివే. పక్క గోడల నిండా బీటలున్నాయి. రెండోది చల్లని ఇంజనుతోనే వెంటనే స్టార్టయింది, పొగ లేదు. అయితే స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి నెమ్మదిగా పోతుంటే ముందు చక్రం దగ్గర టిక్ టిక్ అని వినిపించింది.

సమాధానం 2 ఇచ్చినవారు

అది డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) బయటి జాయింటు చప్పుడు కావచ్చు. రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు కారిపోయి, దుమ్ము చేరితే అలా మోగుతుంది. చక్రం వెనుక తొడుగు చుట్టూ గ్రీజు చిమ్మి ఉందేమో చూసి, జాయింటు మార్చే ఖర్చును ధరలో తగ్గించమని అడగండి. ఆ ఒక్క చప్పుడు కోసం నేనైతే రెండో కారును వదులుకోను.

సమాధానం 1 ఇచ్చినవారు

టైర్ల విషయం విన్నాక మొదటి కారు మీద నాకూ నమ్మకం సడలింది. అయినా రెండోదాని క్లచ్ పరీక్ష చేయకుండా బయానా ఇవ్వకండి.